బేరింగులు మార్చాక ఆరని పసుపు లైటు



మన ఉపకారవేతనాల దరఖాస్తులలో తండ్రి వృత్తి అన్నచోట "లారీ డ్రైవరు", "సొంత లారీ ఒకటి" అన్న మాటలు కనిపిస్తూనే ఉంటాయి. బ్యాంకులో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళు నేను లారీ లోన్ల కాగితాలు రాసినవాణ్ణి. పదవీ విరమణ తరువాత హోసూరులో మా బావమరిది లారీ షెడ్డులో లెక్కలు చూస్తున్నాను. అక్కడ తరచు వినే మాట: "చక్రం బేరింగులు మార్పించాం సార్, అప్పట్నుంచీ ఏబీఎస్ లైటు ఆరడంలేదు." కారణం తెలియక కొత్త సెన్సారు, ఆపైన కంట్రోలు పెట్టె కూడా కొనేవారున్నారు. ఆ ఖర్చు చాలా ఇళ్ళలో పిల్లవాడి ఒక టర్ము ఫీజు.

బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసేది ఏబీఎస్. దానికి ప్రతి చక్రం వేగం తెలియాలి. అందుకని హబ్బు లోపలివైపు పళ్ళున్న ఇనుప రింగు ఒకటి ఉంటుంది. పెద్ద లారీలలో సాధారణంగా నూరు పళ్ళు. దాని ఎదురుగా ఇరుసు భాగంలో, ఒక స్ప్రింగు క్లిప్పులో, వేలంత సెన్సారు బిగుతుగా కూర్చుంటుంది. పళ్ళు దాని ముందునుంచి తిరుగుతుంటే అందులో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ.

బేరింగు మార్చాలంటే హబ్బు ఊడదీయాలి. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు హబ్బు పక్కకు ఊగితే సెన్సారు వెనక్కి జరిగిపోతుంది. రింగుకూ దానికీ మధ్య సందు ముప్పావు మిల్లీమీటరు దాటితే కరెంటు చాలదు, లైటు వెలుగుతుంది. లెక్క కుదరనప్పుడు మా బ్యాంకులో చివరగా వేసిన పద్దునే ముందు తిరగేసేవాళ్ళం. ఇక్కడా అంతే. నిన్నటిదాకా బాగున్న కంట్రోలు పెట్టెను అనుమానించేముందు, నిన్న చెయ్యిపడిన చోటు చూడాలి.

అన్నిటికంటె ముందు సెన్సారును చేత్తో రింగుకు తగిలేదాకా లోపలికి నెట్టాలి. చక్రం తిరిగితే కావలసిన సందు అదే చేసుకుంటుంది. సుత్తితో కొట్టకూడదు, స్క్రూడ్రైవరుతో ఎగదన్నకూడదు. చెయ్యి ఒత్తిడికి కదలకపోతే తుప్పు తుడిచి, క్లిప్పు మార్చాలి. క్లిప్పు ధర సెన్సారు ధరలో చిన్న భాగం. ఆ మధ్య మరో ఊరి షెడ్డులో "పెట్టె పోయింది" అనిపించుకుని మా దగ్గరికొచ్చిన లారీకి చేసినది ఈ నెట్టడమొక్కటే.

అది సరిపోకపోతే మల్టీమీటరు. కనెక్టరు విప్పి సెన్సారు రెండు కొనలమధ్య కొలిస్తే చాలా రకాలకు సుమారు వెయ్యి నుంచి రెండువేల ఓములు రావాలి. ఖచ్చితమైన అంకె కంపెనీ పుస్తకంలో ఉంటుంది. తరువాత మీటరును ఏ.సి. వోల్టులకు మార్చి, జాకీ మీదున్న చక్రాన్ని రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పాలి. కనీసం 0.2 వోల్టు రావాలి. ఓములు సరిగా ఉండి వోల్టు రాకపోతే తప్పు సెన్సారుది కాదు. సందుదో, పన్ను విరిగిన రింగుదో, వంకరగా ఎక్కించిన రింగుదో అయి ఉంటుంది. ఓములే లేకపోతే వైరు తెగింది. హబ్బు తీసేటప్పుడు సెన్సారు వైరు లాగబడటం మామూలే.

కొత్త బేరింగు బిగింపు కూడా చూడండి. వదులుగా ఉంటే చక్రం ఊగుతుంది, ఊగితే సందు మారుతుంది. మలుపుల్లో మాత్రమే లైటు వెలుగుతోందంటే ముందు బేరింగునే అనుమానించాలి. ఇది లైటు సంగతి ఒక్కటే కాదు. వదులు బేరింగు చక్రాన్నే ఊడగొట్టగలదు.

అన్నీ సరిచేశాక కూడా నిలబడ్డ లారీలో లైటు ఆరకపోవచ్చు. చాలా లారీలలో గంటకు సుమారు ఏడు కిలోమీటర్ల వేగం దాటి, చక్రాలన్నీ సరిగా పలికితేనే ఆరుతుంది. షెడ్డు బయట నాలుగడుగులు నడిపి చూడకుండా మళ్ళీ విప్పడం వృథా శ్రమ.

పసుపు లైటుతో మామూలు బ్రేకు పనిచేస్తుంది, కాబట్టి నెమ్మదిగా షెడ్డుదాకా రావచ్చు. ఎర్ర లైటు, బజరు గాలి ఒత్తిడికి సంబంధించినవి. అవి ఉంటే బండి కదపకూడదు. బల్బు పీకేసి ఎఫ్.సి.కి వెళ్ళమని సలహా ఇచ్చేవారున్నారు. వానలో సరుకుతో తొప్పూరు కనుమ దిగేవాడికి ఆ సలహా ఎవరూ ఇవ్వకూడదు.

ఐ.టి.ఐ. పిల్లలకు ఒక మాట. ఈ కొలతలు పెద్ద మెకానిక్కు పక్కన ఉండగానే చేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు, చక్రాలకు దిమ్మలు పెట్టండి. తల్లిదండ్రులు బేరింగు పని బిల్లు వెనకాల తేదీ, ఏ చక్రం, ఎన్ని ఓములు, ఎంత వోల్టు అని రాయించుకోండి. మళ్ళీ లైటు వెలిగితే ఎలక్ట్రీషియను ముందుగా అడిగేవి అవే.