లెస్బోసు ద్వీపమున పక్షిదర్శనము

మధ్యధరా సముద్రపు తూర్పుభాగమున, ఆసియా మైనరు తీరమునకు చేరువలో, గ్రీసు దేశమునకు జెందిన లెస్బోసు అను ద్వీపము గలదు. దాని వైశాల్యము సుమారు 630 చదరపు మైళ్లు. ఆఫ్రికాలో శీతకాలము గడపి యుత్తరమునకు మరలు పక్షులు సముద్రము దాటి, అలసి, చైత్ర వైశాఖములలో నచట దిగి మేత మేయును. ఆ దినములలో ఉత్తర ఐరోపా జనులు సెలవులు గైకొని వచ్చి, కల్లోని యను నూరి చెంతనున్న ఉప్పుమళ్ల గట్లపై వేకువనే దుర్భిణులతో నిలుతురు.

వారు చూడగోరు పక్షులలో నొకటి మాత్రము ఆఫ్రికానుండి వచ్చునది కాదు. తల నలుపు, పొట్ట పసుపు, వీపు ఇటుకరంగు గల యా చిన్నిపిట్ట శీతకాలమంతయు మన దేశముననే గడపును. దక్కను జొన్నచేలలో గుంపులుగా వ్రాలును. అచటినుండి 3,000 మైళ్లకు పైబడిన దారి నెగిరిపోయి, ఆ దీవిలో గూడు గట్టి పిల్లలను జేయును.

బాల్యమున నేనును మంచె నెక్కి, ఒడిసెలతో పిట్టలను గొట్టినవాడనే. వానిలో నిదియు నుండెనేమో యని నేడు తలపోయుచున్నాను. గింజను గాచుకొనుట రైతునకు ధర్మమే. కాన పిట్టను తోలుడు, చంపకుడు. ఇచట కూలిన పిట్టకై యచటి గూడు వేచియుండును.