కంప్యూటరు చెడక ముందు, చెడిన తర్వాత



కంప్యూటరు గదిలో తెర నల్లబడి తెల్ల అక్షరాలు వస్తే మనమంతా "సార్, చెడిపోయింది" అని లేచి నిలబడతాం. కానీ చెడిపోవడంలో రెండు రకాలున్నాయి. ఒకటి బాగు చేసుకోవచ్చు. రెండోది ముందే జాగ్రత్త పడకపోతే బ్రహ్మదేవుడు వచ్చినా బాగు చేయలేడు. ఆ తేడా చెప్పడానికే ఈ వ్యాసం.

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమి?

మన హాస్టల్లో గంట కొట్టించడం, నీళ్ళు పట్టించడం, ఎవరికి ఏ గది అని చెప్పడం వార్డెన్ మేడం చూసుకుంటారు. కంప్యూటర్లో ఆ పని చేసేది ఆపరేటింగ్ సిస్టం. మన బడిలో ఉండేది విండోస్. అది ఒక్క వస్తువు కాదు, వేల ఫైళ్ళ కట్ట. సి డ్రైవులో విండోస్ అనే ఫోల్డర్లో ఉంటాయి. వాటిని సిస్టం ఫైళ్ళు అంటారు. మనం టైపు చేసిన పాఠాలు, బొమ్మలు, మార్కుల పట్టికలు మన సొంత ఫైళ్ళు. ఈ రెండింటినీ కలిపి చూడకూడదు.

సిస్టం ఫైళ్ళు ఎందుకు చెడతాయి?

1. డిస్కు మీద రాస్తా ఉండగా కరెంటు పోతే రాత సగంలో ఆగిపోతాది. మడకశిరలో ఉండే మనకు కరెంటు సంగతి చెప్పక్కరలేదు.
2. హార్డు డిస్కు పాతబడితే.
3. వైరస్ వస్తే.
4. తప్పు అప్‌డేట్ వస్తే.

నాలుగో దానికి పెద్ద ఉదాహరణ 2024 జూలై 19న జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ కంపెనీ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయినాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చినారు, మన గోడపత్రిక లాగ! బాగు చేసే పద్ధతి మాత్రం చిన్నదే. కంప్యూటరును సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసేసి, మళ్ళీ ఆన్ చేయడమే. కానీ చాలా చోట్ల ఒక్కొక్క కంప్యూటరు దగ్గరికీ మనిషి పోవాల్సి వచ్చింది.

ఎట్లా బాగు చేస్తారు? (సార్ దగ్గరుండగానే చేయాల)

మన పెద్దోళ్ళు వేరుశనగలో తినే కాయలు వేరే, విత్తనం కాయలు వేరే పెడతారు కదా. విండోస్ కూడా తన ముఖ్యమైన ఫైళ్ళకు ఇంకో కాపీ లోపలే దాచుకుంటాది.

మొదటి మెట్టు: కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్‌ఎఫ్‌సి అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ గీత పెట్టి, స్కాన్‌నౌ అని కొట్టాలి. కంప్యూటరు తన ఫైళ్ళను దాచిన కాపీతో పోల్చి, చెడినవాటి చోట మంచివి పెడతాది.

రెండో మెట్టు: దాచిన కాపీయే చెడితే? విత్తనం పుచ్చిపోతే బయటనుంచి తెచ్చుకున్నట్టే. డిఐఎస్‌ఎం అనే ఇంకో ఆదేశం ఉంది. అది ఇంటర్నెట్టు ద్వారా మంచి ఫైళ్ళు తెస్తాది. తర్వాత మొదటి మెట్టు మళ్ళీ చేయాలి.

మూడో మెట్టు: సిస్టం రిస్టోర్. ఇది 2000 సంవత్సరంలో విండోస్ ఎంఈ తో వచ్చింది. కంప్యూటరు సిస్టంను బాగున్న పాత రోజుకు తీసుకుపోతాది. అయితే ముందే ఆన్ చేసి పెట్టుంటేనే పని చేస్తాది.

నాలుగో మెట్టు: కంప్యూటరు అసలు లేవకపోతే, వేరే మంచి కంప్యూటర్లో తయారు చేసిన విండోస్ పెన్‌డ్రైవు (కనీసం 8 జీబీ) పెట్టి రిపేరు చేయాలి. అదీ కుదరకపోతే విండోస్ మళ్ళీ ఎక్కించాలి. జాగ్రత్త! అప్పుడు సి డ్రైవును ఫార్మాట్ చేస్తే మన సొంత ఫైళ్ళు కూడా పోతాయి. డెస్క్‌టాప్ మీద కనపడేవి కూడా మామూలుగా సి డ్రైవులోనే ఉంటాయి.

రెండో రకం చెడిపోవడం

2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లకు సోకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లకు వచ్చింది. అది మనుషులు దాచుకున్న ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడుగుతాది. విండోస్ మళ్ళీ ఎక్కించొచ్చు. తాళం పడిన ఫైళ్ళు దాంతో తిరిగిరావు. వేరే చోట కాపీ పెట్టుకున్నోళ్ళు బతికిపోయినారు. కాపీ ఉన్న డిస్కు కూడా అదే కంప్యూటరుకు తగిలించి ఉంటే దానికీ తాళం పడొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. విండోస్ ఫైలు హైదరాబాదులోనైనా అమెరికాలోనైనా దొరుకుతాది. మన ఫైలు మన దగ్గర తప్ప ఎక్కడా దొరకదు.

మన సుగాలి పిల్లలం తాండాల్లో తీజ్ పండగకు పాడే పాటలు టైపు చేస్తున్నాం. మా భాషకు సొంత లిపి వాడుకలో లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. 23 పాటలు అయినాయి. అన్నీ ఒకే కంప్యూటర్లో ఉన్నాయి. పాడిన అవ్వల్లో ఒకామె ఈ ఎండాకాలంలో చనిపోయింది. ఆమెకు మాత్రమే వచ్చిన నాలుగు పాటలు ఆ ఫైల్లో ఉన్నాయి. దానికి కాపీ ఏ కంపెనీ దగ్గరా లేదు. మనమే చేయాల.

మనం చేయగలిగినవి

• ప్రతి ముఖ్యమైన ఫైలుకు మూడు కాపీలు. రెండు రకాల చోట్ల. ఒకటి కంప్యూటరు గది బయట.
• కాపీ అయిన తర్వాత పెన్‌డ్రైవు తీసి భద్రంగా పెట్టాలి.
• నెలకొకసారి కాపీ తెరిచి చూడాలి. తెరుచుకోని కాపీ కాపీ కాదు.
• పాటలు నోటుబుక్కులో కూడా రాయాలి. కాగితానికి కరెంటు అక్కర్లేదు.

వార్డెన్ మేడం గారికి, కంప్యూటరు సార్ గారికి మనవి: ఒక పెన్‌డ్రైవు ఇప్పించి, దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టనిస్తే, ప్రతి నెలా మొదటి శనివారం కాపీ చేసే పని మా తొమ్మిదో తరగతి వాళ్ళం చూసుకుంటాం.

మీకు తెలుసా?
విండోస్ తయారు చేసే మైక్రోసాఫ్ట్ కంపెనీకి 2014లో ముఖ్య అధికారి అయిన సత్య నాదెళ్ళ గారి పూర్వీకులది బుక్కాపురం. అది అనంతపురం జిల్లాలోనే ఉంది. 2022లో మన మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది గాని, అంతకు ముందు మనదీ వాళ్ళదీ ఒకే జిల్లా!

– 9వ తరగతి విద్యార్థిని