గుర్రపు దళం నుంచి మర్ఫా మేళానికి
వనపర్తి సంస్థానంతో ముడిపడిన ఆఫ్రికా వారి ఆట

పెళ్లి ఊరేగింపులో గానీ, బోనాల జాతరలో గానీ తీన్మార్ దరువు మోగిందంటే కుర్రకారు కాలు నిలవదు. అయితే ఆ పేరు ఎక్కడిదని అడిగేవారు తక్కువ. మర్ఫా వాద్యంలో పేరుమోసిన దరువుల్లో తీన్మార్ ఒకటి. ఆ మర్ఫాను హైదరాబాద్‌లో తరతరాలుగా మోగిస్తున్నవారు సిద్దీలు. వారి పూర్వీకులది ఆఫ్రికా ఖండం.

సిద్దీలనే హబ్షీలని కూడా అంటారు. హబష్ అంటే అబిసీనియా, అంటే నేటి ఇథియోపియా ప్రాంతం. అక్కడి నుంచీ, తూర్పు ఆఫ్రికా తీరం నుంచీ అరబ్బు వర్తకుల ఓడలలో కొందరు బానిసలుగా, మరికొందరు సిపాయిలుగా మన దేశం చేరారు. నమ్మకానికీ, గుర్రపు స్వారీకీ పేరుపడడంతో దక్కను పాలకులు వారిని కొలువులో పెట్టుకున్నారు. హైదరాబాద్‌లోని సిద్దిఅంబర్ బజార్, హబ్సిగూడ పేర్లలో వారి జాడ నేటికీ వినిపిస్తుంది.

వనపర్తి దళం

ఈ కథలో పాలమూరు ప్రాంతానికీ పాత్ర ఉంది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు కొలువులో ఆఫ్రికన్ల దళం ఉండేది. తర్వాత ఆ దళం నిజాం కొలువుకు చేరింది. అదే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ప్రభువు ఊరేగింపులలో గుర్రాల మీద ముందు నడవడం వారి పని. ఆ దళం కాపురమున్న చోటే మాసబ్‌ట్యాంక్ దగ్గరి నేటి ఏసీ గార్డ్స్ పేట. రోజూ ఆ పేరు పలికే నగరవాసులలో చాలామందికి ఆ రెండక్షరాల అర్థం తెలియదు.

కొలువు పోయింది, డప్పు మిగిలింది

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. నిజాం సైన్యంతోపాటు ఈ దళం కూడా రద్దయింది. గుర్రం తప్ప వేరే వృత్తి ఎరుగని కుటుంబాలు వీధిన పడ్డాయి. కొందరు కూలికి, చిన్న ఉద్యోగాలకు పోయారు. మరికొందరు అంతకు ముందు పండుగ పూట సరదాకు వాయించిన డప్పునే బతుకుతెరువు చేసుకున్నారు. బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ అరబ్బుల వాద్యం, వీరి ఆఫ్రికా అడుగు కలిసి హైదరాబాదీ మర్ఫా అయింది.

మేళంలో చేత పట్టి వాయించే డఫ్, గిన్నె ఆకారపు మర్ఫా, స్టీలు బిందె ప్రధానం. తాపీ అనే చెక్కలతో కొట్టి దరువును పెంచుతారు. ఆటగాళ్లు కర్రలూ కత్తులూ తిప్పుతూ వలయంగా అడుగులు వేస్తారు. సిపాయిల వంశమని ఆ ఆట చూస్తేనే తెలుస్తుంది. మతం, భాష చూడకుండా పెళ్లిళ్లకూ పండుగలకూ వీరిని పిలవడం నగరంలో ఆనవాయితీ అయింది.

గుజరాత్ సిద్దీలలోనూ ఇలాంటి ఆటే ఉంది. దాన్ని గోమా అంటారు. తూర్పు ఆఫ్రికా స్వాహిలీ భాషలో న్గోమా అంటే డప్పు, ఆట. ఖండం దాటినా మాట చెడలేదు. ఆ గోమా బృందం విదేశాలలోనూ ప్రదర్శనలిచ్చింది.

గుర్తింపు ఏదీ?

ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలను 2003లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. గుజరాత్‌లోని సిద్దీలకూ ఆ హోదా ఉంది. తెలంగాణ జాబితాలో మాత్రం వారి పేరు లేదు. ఇటు డీజే పెట్టెలు వచ్చాక మేళాలకు పిలుపులు తగ్గాయి. ఇతరులూ మర్ఫా బ్యాండ్లు పెట్టారు. దరువు ఊరూరా పాకింది, తెచ్చినవారి పేరు మరుగున పడింది.

ఒగ్గు కథకూ, చిందు భాగవతానికీ ఇచ్చే ఆదరణలో కొంతైనా ఈ కళకూ దక్కాలి. అధికారిక ఉత్సవాలలో పాత మేళాలకు చోటిస్తే, పిల్లలకు నేర్పే ఏర్పాటు చేస్తే కళా నిలుస్తుంది, కొన్ని పొయ్యిలూ వెలుగుతాయి. వనపర్తి కోట చరిత్ర చెప్పేటప్పుడు ఈ ఆఫ్రికా రౌతులను కూడా తలచుకోవడం జిల్లావాసుల వంతు.