కుంపటి పక్కన సీసా

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డున్న కొట్టుకు వెళ్లి వైన్ అడిగి చూడండి. బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ చూపించాక ఏ మూల నుంచో దుమ్ము దులిపిన సీసా ఒకటి బయటికొస్తుంది. అమెరికాలోని తెలుగువాళ్ల ఇబ్బంది దీనికి పూర్తిగా తలకిందులు. సెప్టెంబరు మొదటి సోమవారం అక్కడ లేబర్ డే, 1894 నుంచి జాతీయ సెలవు. వేసవి అయిపోతోందని పెరట్లో గ్రిల్ రాజేద్దామనుకుని కొట్టుకెళితే, అరల నిండా వైనే.

సాసు పూసి కాల్చిన మాంసం అనగానే అక్కడివాళ్లు తలచుకునేది జిన్‌ఫాండెల్. ఆ ద్రాక్ష అచ్చంగా కాలిఫోర్నియా సొత్తని చాలాకాలం మురిసిపోయారు. డేవిస్ విశ్వవిద్యాలయంలో క్యారల్ మెరెడిత్ బృందం డీఎన్ఏ పరీక్షలు చేశాక, 2001లో దాని పుట్టిల్లు బయటపడింది: క్రొయేషియా తీరం. అక్కడి పేరు ట్సర్ల్యెనాక్ కాష్టెలాన్‌స్కి. నోరు తిరగని వాళ్లు ఇటలీ పేరుతో ప్రిమిటివో అనుకోవచ్చు, అదీ ఇదే.

ఈ చుట్టరికాన్ని ముందే అనుమానించినవాడు వైన్ తయారీదారు మైక్ గర్గిచ్. క్రొయేషియా నుంచి వలస వచ్చిన ఈయనకు జిన్‌ఫాండెల్ తీగలు సొంతూరి తోటను గుర్తుచేశాయి. 1976 మే 24న పారిస్‌లో, ఏ సీసా ఎవరిదో చెప్పకుండా ఫ్రెంచి న్యాయనిర్ణేతలకు పోసి ఇచ్చిన పోటీలో, తెల్ల వైన్లలో మొదటి స్థానం కొట్టింది ఈయన చేతి 1973 షాటో మాంటెలీనా షార్డొనేనే.

గులాబి రంగు వైట్ జిన్‌ఫాండెల్ పుట్టుక మాత్రం ఓ పొరపాటు. 1975లో సటర్ హోమ్ అనే వైన్ తయారీ సంస్థ వారి తొట్టిలో పులియడం మధ్యలో ఆగిపోయింది, తీపి మిగిలిపోయింది. అదే జనం ఎగబడి కొనుక్కున్నారు. నిపుణులు దాన్ని చూసి మూతి ముడుస్తారు. నేను ముడవను, కారణం మన మిరపకాయ.

కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. అలాగని వైన్‌తో మంట తగ్గుతుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. నోట్లో కారం ఏ నరాలను తాకుతుందో, ఆల్కహాలూ వాటినే రెచ్చగొడుతుంది. గుంటూరు కారం పట్టించిన చికెన్ ముక్క మీద 15 శాతం జిన్‌ఫాండెల్ పోస్తే నిప్పులో నెయ్యి పోసినట్టే. దానికంటే తీపి మిగిలిన ఆ గులాబి వైనే నయం. లేదంటే జర్మనీ మోసెల్ లోయ రీస్లింగ్ తెల్ల వైన్లలో కాబినెట్ రకం తీసుకోండి. చాలావాటిలో ఆల్కహాలు 8, 9 శాతమే, కాస్త తీపి, బోలెడు పులుపు. చింతపండు, బెల్లం కలిసిన నోటికి అది కొత్తేమీ కాదు.

వేటమాంసానికి లెక్క వేరు. ఎర్ర వైన్‌లోని వగరు మాంసకృత్తులతో కలిసి మెత్తబడుతుంది. అర్జెంటీనా మాల్బెక్ ఇక్కడ బాగా నప్పుతుంది. ఆ ద్రాక్ష తీగలను 1853లో ఫ్రాన్స్ నుంచి పట్టుకెళ్లినవాడు మిషెల్ పూజే.

ఎర్ర వైన్ గది వేడిలో ఉండాలంటారు. ఆ మాట పుట్టింది యూరప్ చలి ఇళ్లలో, ఎండ కాసే పెరట్లో కాదు. ఎర్రదాన్నీ పావుగంట ఐసు బకెట్లో పెట్టండి. ఉత్త ఐసు కంటే ఐసూ నీళ్లూ కలిపితేనే సీసా త్వరగా చల్లబడుతుంది, గుప్పెడు ఉప్పు వేస్తే ఇంకా త్వరగా.

మన అనాబ్‌షాహీ ద్రాక్షతో వైన్ పెద్దగా ఎందుకు చేయరంటారా? వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, గింజలెక్కువ, తీపీ ఎక్కువే. తోపుడు బండి మీద పెడితే ఎవరూ కొనరు.

సీసాకు 750 మిల్లీలీటర్లు, అంటే అయిదు గ్లాసులు. ఇంటికి కారు నడిపేవాళ్లకు మజ్జిగ పోయండి. కారాన్ని నిజంగా కడిగేసేది పాలలోని కేసినే కాబట్టి, ఆ సాయంత్రం హాయిగా తినేది వాళ్లే.