కుమారాగారం నుండి నిలోఫర్ వరకు

పుట్టిన శిశువును ఉంచవలసిన గృహం ఏ విధంగా ఉండాలో చరక మహర్షి శారీరస్థానంలో చెప్పినాడు. దానికి కుమారాగారమని పేరు. అందులో వెలుతురు ఉండాలి. ఈదురుగాలి తగలరాదు గాని ఒక ప్రక్కనుండి గాలి ఆడుతుండాలి. ఎలుకలు, పురుగులు చేరరాదు. నీటికి, స్నానానికి, మలమూత్రాలకు, వంటకు వేరువేరు తావులుండాలి. తడిసిన పక్కబట్టలను వెంటనే తొలగించాలి. మారుబట్టలు లేనిచో వాటినే ఉతికి, ధూపం వేసి, ఆరబెట్టి వాడుకొనవలెను. మేము గురుకులంలో ఈ భాగం వల్లెవేసేటప్పుడు సహాధ్యాయి ఒకడు, ఇటువంటి ఇల్లు రాజులకు తప్ప ఎవరికి సాధ్యమని అడిగినాడు. గురువుగారు నవ్వి ఊరుకొన్నారు.

ఆ ప్రశ్నకు సమాధానం అప్పటికే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో నిలిచి ఉన్నది. అదీ ఒక రాజకుటుంబ స్త్రీ పూనికతోనే. ఇస్తాంబుల్‌లో 1916లో జన్మించిన నిలోఫర్ తురుష్క సుల్తానుల వంశస్థురాలు. 1931లో ఏడవ నిజాం రెండవ కుమారుడు మొఅజ్జం జాను వివాహమాడి హైదరాబాదు వచ్చినది. ఆమెకు సంతానం కలుగలేదు. 1949లో ఆమె పరిచారిక రఫత్ ప్రసవ సమయంలో సరియైన వైద్యం అందక మరణించినది. తనను సేవించిన స్త్రీకి పట్టిన గతి మరొకరికి పట్టరాదని నిలోఫర్ పట్టుబట్టగా, స్త్రీలకు, శిశువులకు ప్రత్యేకమైన ఆసుపత్రి ఏర్పడి 1953లో ప్రారంభమైనది. అప్పుడు అందులో నూరు పడకలు. నేడు వేయి దాటినవి. నిలోఫర్ 1989లో పారిస్‌లో కన్నుమూసినది. తన కడుపున బిడ్డ పుట్టని ఆమె పేరు నేడు తెలంగాణ పల్లెలలో ప్రతి తల్లికీ తెలుసు.

ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధమైన బోధనాసుపత్రి ఇది. బాలవైద్యం, శిశు శస్త్రచికిత్స, ప్రసూతి, అత్యవసర విభాగం అన్నీ ఒకే ఆవరణలో ఉన్నవి. అన్నింటికంటె ముఖ్యం నవజాత శిశు విభాగం. జిల్లాలలో చేయి దాటిన కేసులు చివరికి చేరేది ఇక్కడికే గనుక రద్దీ ఎప్పుడూ తగ్గదు. మధ్యతరగతివారు 'ధర్మాసుపత్రి' అని పెదవి విరుస్తారు. గుక్కపట్టిన పసిగుడ్డు ప్రాణం వరండాలోని జనాన్ని బట్టి ఉండదు. అటువంటి వందల బిడ్డలను చూచిన చేతులను బట్టి ఉంటుంది.

నెలలు నిండక పుట్టిన శిశువుకు చలియే మొదటి శత్రువు. దానికి వెచ్చని యంత్రాలు ఉన్నవి. యంత్రం అవసరం లేని ఉపాయం 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో పుట్టినది. తల్లి రొమ్మునకు బిడ్డను చర్మానికి చర్మం తగిలేట్లు కట్టి ఉంచుట. కంగారూ పద్ధతి అంటారు. తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు రోజుకు 8 గంటలకు తగ్గకుండా ఈ విధంగా చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది. తల్లికి వీలుపడనప్పుడు తండ్రి గాని అమ్మమ్మ గాని ఎత్తుకొనవచ్చును.

ఇక స్తన్యం మాట. తల్లికి పాలు లేనిచో ధాత్రిని, అనగా పాలిచ్చే దాదిని, నియమించుమని మన శాస్త్రం చెప్పినది. ఆమె ఆరోగ్యవతియై, తన బిడ్డ సజీవుడై ఉండాలి. ఆమె పాలు నీటిలో వేసినప్పుడు నీటితో ఏకమై కలిసిపోవాలి. నిలోఫర్‌లో 2017లో నెలకొల్పిన తల్లిపాల నిధికి 'ధాత్రి' అనే పేరే పెట్టుట నాకెంతో సంతోషం కలిగించినది. ఇటువంటి నిధి మన దేశంలో మొదట 1989లో బొంబాయి సయన్ ఆసుపత్రిలో ఏర్పడినది. నేటి ధాత్రీ పరీక్ష నీటితో సరిపోదు. దాత రక్తంలో హెచ్.ఐ.వి., కామెర్లు కలిగించే వైరసులు, సవాయి రోగం లేవని నిర్ధారించవలెను. పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలుంచి, చల్లార్చి, గడ్డకట్టించి నిలువ చేయవలెను. కిలోకు అటూ ఇటూ ఉన్న శిశువుకు డబ్బాపాల వలన ప్రేగులు కుళ్ళే ప్రమాదం హెచ్చు. దానపు పాలు ఆ ప్రమాదాన్ని తగ్గిస్తవి.

ఇంటివైద్యం గురించి వ్రాసే పత్రికలో ఆసుపత్రి ప్రసక్తి ఎందుకని కొందరనవచ్చు. క్రిందటి శీతకాలంలో ఒక పెద్దావిడ నలభై రోజుల మనుమణ్ణి తీసికొని వచ్చి, "ఆచార్యులుగారూ, పడిశమండీ, కాస్త వసకొమ్ము అరగదీసి నాకించమంటారా?" అని అడిగినది. గుడ్డ తొలగించి నిమిషం నిండా లెక్కించగా శ్వాసలు 68. ప్రక్కటెముకలు లోనికి పోవుచున్నవి. మందు మాట ఎత్తక 108కు ఫోను చేయించినాను. పది రోజులకు బిడ్డ ఇల్లు చేరినాడు.

ఈ లెక్క ప్రతి ఇంటా తెలియాలి. రెండు నెలలలోపు శిశువుకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, ఐదేండ్లలోపు 40, అంతకు చేరినా మించినా అది పడిశం కాదు. అరచేతులకు, అరికాళ్ళకు పాకిన పసుపుకు ప్రొద్దుటి ఎండ చాలదు. ఎండ నుండియే 1950లలో ఇంగ్లండులో నీలికాంతి చికిత్స పుట్టినది గాని, ఆ చికిత్సకు కొలత ఉన్నది, ఎండకు లేదు. కంట్లో పసరు పోయుట, పొట్టపై వాతలు పెట్టుట ఆయుర్వేదం కావు, అవి క్రౌర్యం. పాలు త్రాగుట మానిన బిడ్డకు, ఫిట్స్ వచ్చిన బిడ్డకు, రెండు నెలలు నిండకముందే జ్వరం తగిలిన బిడ్డకు ఉగ్గుగిన్నెలో ఏదీ వేయరాదు. ఏడాది నిండనిదే తేనె నాకించరాదని కూడ చెప్పుచున్నాను. జాతకర్మలో తేనె ఉన్న సంగతి నాకూ తెలుసు. అయినను అందులోని ఒక సూక్ష్మజీవి శిశువుకు పక్షవాతం వంటి ప్రమాదం తేగలదని నేడు తెలిసినది గనుక మానవలెను.

విరేచనాలకు మాత్రం ఇంటిలోనే మొదలు పెట్టవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు నీటిలో కలిపి కొంచెం కొంచెంగా పట్టుడు, రొమ్ముపాలు ఆపకుడు. ఆరు నెలలు దాటిన బిడ్డకు పేలాల జావ మేలు. జింకు మాత్ర 14 రోజులు వేయవలెను. ఆరు నెలలు నిండిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నెలలు దాటి ఆరు నిండనివారికి 10. కండ్లు లోతుకు పోయి, చర్మం పట్టి వదలినా ముడుత నిలిచిపోయినచో పొట్లంతో కాలయాపన చేయక ఆసుపత్రికి బయలుదేరవలెను.

2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం క్రింద ఏడాదిలోపు శిశువుకు ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రాకపోకలు ఉచితం. పోవునప్పుడు టీకాల కార్డు, వాడిన మందుల చీటీ, పసరుమందైనా సరే, దాచక తీసికొని పొండు. బిడ్డను తల్లి రొమ్మునకు ఆనించి, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పి తీసుకొని పోవలెను. ఇంట బాలెంతరాలుండి, తన బిడ్డ త్రాగగా పాలు మిగులుచున్నచో, 'ధాత్రి'లో దానం చేయవచ్చును. ఆమె రక్తపరీక్షలు వారే చూచుకొందురు.