ఘంటసాల గీత: ఒక రికార్డు కథ

హైదరాబాదు నగరానికి తూర్పున, విజయవాడ రహదారిని ఆనుకొని వనస్థలిపురం ఉన్నది. పేరులోని వనానికి సాక్ష్యంగా చేరువలోని మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలు మిగిలినవి; తక్కినదంతా ఇండ్లు, దుకాణాలు, బళ్ళు, కాలేజీలు. ఈ కాలనీ వీధులలో ఒక వింత అలవాటు గమనించవచ్చును. వీధి మొగలో ఒకానొక గొంతు లౌడుస్పీకరులో వినిపించగానే, అది ఏ పాట అని ఎవరూ అడుగరు. "ఎవరు పోయారండీ?" అని అడుగుతారు.

ఆ గొంతు ఘంటసాల వేంకటేశ్వరరావు గారిది. వినిపించేది భగవద్గీత. యుద్ధభూమిలో విల్లు జారవిడిచి చతికిలబడిన వానిని లేపి నిలబెట్టుటకు చెప్పిన మాటలు, ఇక ఎన్నటికీ లేవని వాని ముందు నడిచే గుర్తులైనవి. ఇది వనస్థలిపురానికే పరిమితమైన సంగతి కాదు. తెలుగునాట అనేక పట్టణాలలో వైకుంఠరథమనే బండి కదిలినదంటే ఈ రికార్డు కదిలినదన్నమాటే. ఒక గాయకుడు తన జీవితపు చివరి కాలంలో మిక్కిలి శ్రద్ధతో నిర్మించిన సంగీత కృతికి ఇట్టి గతి ఎట్లు పట్టినది? ఆ ప్రశ్నకు సమాధానం కొంత ఆ కృతి పుట్టిన విధంలోను, కొంత మన ఊళ్ళు మారిన విధంలోను ఉన్నది.

ఘంటసాల గారి జీవితం పాఠకులకు తెలిసినదే గనుక రెండు మాటలు చాలును. 1922 డిసెంబరు 4న గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో జన్మించినారు. తండ్రి తరంగాలు పాడేవారు. పిల్లవాడు ఆ తరంగాలకు చిందులు వేసేవాడు. తండ్రి చిన్ననాడే పోగా, సంగీతం మీది కోరికతో విజయనగరం చేరి, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడై, ఇంటింటా మధుకరం ఎత్తి కడుపు నింపుకొని చదువుకొన్నారు. 1942 ఉద్యమంలో చెరసాలకు వెళ్ళినారు. తరువాత మద్రాసు, సినిమా, కీర్తి. మన కథకు కావలసినది ఇందులో ఒక్క అంశం: ఆయన గొంతు పద్యానికి అలవాటు పడిన గొంతు. నాటకరంగంలో పద్యం చివర రాగం ఎంత దూరం సాగితే అంత గొప్ప. "వన్స్ మోర్" కేకల కోసం నటుడు చివరి అక్షరాన్ని పట్టుకొని ఊరంతా తిరిగి వచ్చేవాడు. ఘంటసాల ఆ రాగాన్ని కత్తిరించినారు. మాట ముందు, రాగం వెనుక అనే క్రమాన్ని పాటించినారు. "నర్తనశాల" (1963)లో తిక్కన పద్యాన్ని అర్జునుని కొరకు, "శ్రీకృష్ణ తులాభారం" (1966)లో పద్యాలను కృష్ణుని కొరకు పాడినది ఈ గొంతే. అనగా గీతలోని ఇద్దరు ముఖ్యులకూ ఆయన అదివరకే కంఠం ఇచ్చి ఉన్నారు.

సినిమాకు వెలుపల కూడ ఆయన రికార్డులు ఇచ్చినారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి "పుష్పవిలాపం", "కుంతీకుమారి" పద్యాలు హెచ్.ఎం.వి. ప్లేట్ల ద్వారానే చదువురాని ఇండ్లకు సైతం చేరినవి. అయితే ఆ నాటి ప్లేటు సంగతి చూడండి. లక్కతో చేసినది, నిమిషానికి 78 చుట్లు, ఒక్కొక్క ముఖం మీద మూడు, మూడున్నర నిమిషాలు. కవిగారు ఎన్ని పద్యాలు వ్రాసినా సరే, గాయకుడు ఏరుకోవలసినదే, త్వరపడవలసినదే. దీర్ఘమైన భావం ఆ చట్రంలో ఇమడదు.

ఈ చట్రాన్ని పగులగొట్టినది లాంగ్ ప్లే రికార్డు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ దీనిని ప్రవేశపెట్టినది. నిమిషానికి 33⅓ చుట్లు. ఒక ముఖం మీద ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టును. పూర్వం కొన్ని 78 చుట్ల ప్లేట్లను ఫొటో ఆల్బమువలె ఒక పుస్తకంలో అమర్చి అమ్మేవారు గనుక వాటికి ఆల్బము అనే పేరు ఉండేది. ఆ పేరే ఈ కొత్త రికార్డుకు దక్కినది. అప్పటినుండి పాట మాత్రమే కాక, మొదటినుండి చివరి దాకా కూర్చొని వినవలసిన ఒక పూర్ణకృతి అనే భావన ప్రపంచమంతట బలపడినది.

ఘంటసాల గీతకు కొంచెం ముందుగా పాశ్చాత్య దేశంలో తయారైన మరొక ఆల్బము కథ ఇక్కడ ఉపయోగపడును. విద్యుత్ గిటారుల హోరుతో సాగే రాక్ సంగీతం కదా, గీతతో దానికేమి పొత్తు అని ఉపాధ్యాయ మిత్రులు నొసలు ముడువవచ్చును. పొత్తు సంగీతంలో లేదు, గతిలో ఉన్నది. 1971 డిసెంబరులో ఇంగ్లండుకు చెందిన డీప్ పర్పుల్ అనే బృందం స్విట్జర్లండులోని మాంట్రో పట్టణానికి రికార్డు చేయుటకు వెళ్ళినది. వారు పాడదలచిన వినోదశాల, వారికి ముందు జరిగిన వేరొకరి కచేరీలో ఒక ప్రేక్షకుడు నిప్పురవ్వల తుపాకి పేల్చగా కాలిపోయినది. పొగ సరస్సు మీద పరచుకొన్నది. దిక్కులేక ఒక హోటలు నడవాలలో పరుపులు అడ్డుపెట్టి, అద్దెకు తెచ్చిన రికార్డింగు బండి సాయంతో వారు పని ముగించినారు. 1972లో "మెషీన్ హెడ్" అనే పేరుతో ఆ రికార్డు వెలువడినది. ఏడు పాటలు. జనాదరణ పొందునని నమ్మి ముందుగా విడిగా విడుదల చేసినది వేరొక పాటను. దానిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. పొగ మీద కట్టిన పాట మాత్రం ప్రపంచాన్ని చుట్టినది. దాని ఆరంభంలోని నాలుగైదు స్వరాలను గిటారు పట్టిన ప్రతి కుర్రవాడు మొట్టమొదట నొక్కి చూస్తాడు. తక్కిన ఆరు పాటల పేర్లు చెప్పమంటే వారిలో అనేకులు తెల్లబోతారు. ఆల్బమును చేయుట కళాకారుని వంతు. అందులో ఏ ముక్కను పట్టుకోవలెనో, ఎక్కడ వాడుకోవలెనో నిర్ణయించుట లోకం వంతు.

ఇక గీత. 1972లో మన రవీంద్రభారతిలో కచేరీ చేస్తూ ఉండగా ఘంటసాల గారికి గుండెనొప్పి వచ్చినది. మధుమేహం అంతకుముందే పీడిస్తున్నది. చికిత్స పొంది కోలుకొన్నారు. సినిమా పాటలు పూర్తిగా మానలేదు. 1973 నాటి "భక్త తుకారాం"లో ఆయన గానం అందరూ విన్నదే. కాని మనస్సు గీత మీదికి మళ్ళినది. సినిమా పాటలకు పిలుపు ఉన్న గాయకుడు, ఆరోగ్యం చెడిన రోజులలో ఇంత శ్రమకు పూనుకొనుట చిన్న విషయం కాదు.

శ్రమ అన్నాను, అదెట్టిదో చెప్పవలెను. గీతలో 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. అన్నీ రికార్డులో పట్టవు. నూటికి పైబడిన శ్లోకాలను ఏరి, కథ తెగకుండ కూర్చినారు. అది మొదటి కష్టం. రెండవది ఛందస్సు. గీతలో చాల భాగం అనుష్టుప్పు: పాదానికి ఎనిమిది అక్షరాలు, నాలుగు పాదాలు, మొత్తం 32. పారాయణకు ఈ సమత బాగుండును. సంగీతానికి ఇదే శత్రువు. ఒకే కొలత గల నూరు శ్లోకాలను వరుసగా పాడితే శ్రోత పదవ శ్లోకానికే నిద్రపోవును. తెలుగు పద్యంలో ఉత్పలమాల వెనుక సీసం, సీసం వెనుక కందం వచ్చి నడకలు మారును. ఇక్కడ ఆ వీలు లేదు.

ఘంటసాల దీనికి రెండు ఉపాయాలు చేసినారు. భావం మారినప్పుడల్లా రాగం మార్చినారు. ఛందస్సు ఇవ్వని వైవిధ్యాన్ని రాగమాలిక ఇచ్చినది. శ్లోకాల నడుమ తెలుగు తాత్పర్యాన్ని వచనంలో తామే చదివినారు. గానం విని అలసిన చెవికి మాట విశ్రాంతి. మాట విని ఎదురుచూచే చెవికి గానం విందు. కృష్ణుడు, అర్జునుడు, కథ చెప్పే సంజయుడు, అర్థం విప్పే వ్యాఖ్యాత – నలుగురూ ఒక్క గొంతులోనే. నాటకీయత కోసం గొంతు మార్చి పలికే పని ఆయన పెట్టుకోలేదు. ఇది నా దృష్టిలో ఈ రికార్డులోని గొప్ప నిగ్రహం.

గురుపుత్రులైన పట్రాయని సంగీతరావు గారు ఆయనకు దాదాపు రెండు దశాబ్దాలు సంగీతంలో తోడునీడగా ఉన్నవారు. మధుకరం ఎత్తిన ఊరి బంధం మద్రాసు స్టూడియోల దాకా వచ్చినదన్నమాట. సంగీతరావు గారు నూరేండ్లు జీవించి 2021లో కన్నుమూసినారు.

ఘంటసాల గారికి ఆ భాగ్యం లేకపోయినది. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏండ్ల వయస్సులో మద్రాసులో మరణించినారు. గీత రికార్డు జనం చేతికి వచ్చినది ఆ తరువాతనే. ఈ క్రమాన్ని గుర్తుంచుకొనవలెను. తెలుగువారు ఈ కృతిని ఒక్కనాడైనా జీవించి ఉన్న గాయకుని పాటగా వినలేదు. మొదటిసారి విన్న వాని చెవికే అది పోయిన వాని గొంతు. ఆత్మకు చావు లేదని చెప్పే శ్లోకాలను, చనిపోయిన మనిషి పాడగా విని జనం కన్నీరు పెట్టుకొన్నారంటే ఆశ్చర్యమేమున్నది?

అయినా ఆ రోజులలో దానిని చావుపాట అనలేదు. గుడి గోపురం మీద లౌడుస్పీకరులో తెల్లవారుజామున అదే మ్రోగేది. 1980ల నాటికి క్యాసెట్టు వచ్చి, గ్రామఫోను లేని ఇంటిలో కూడ గీత వినిపించినది. శ్లోకం ముక్క నోటికి రాని గృహిణులు, రిక్షా లాగేవారు, పొలం పనివారు సైతం ఆ తాత్పర్య వాక్యాలను అప్పజెప్పేవారు. పండితుల వ్యాఖ్యానాలు అల్మరాలలో ఉండగా, తెలుగు సామాన్యునికి గీతను పరిచయం చేసినది ఈ రికార్డేనని చెప్పినచో అతిశయోక్తి కాదు.

మరి మార్పు ఎక్కడ వచ్చినది? ఊపిరి పోయే వేళ గీత చదివి వినిపించే ఆచారం రికార్డుకు పూర్వమే ఉన్నది. పల్లెలో మరణం సంభవిస్తే చదివే పెద్ద ఉండేవాడు. రాత్రంతా కూర్చొని భజన చేసే బృందం ఉండేది. వనస్థలిపురం వంటి కాలనీల మాట వేరు. నల్లగొండ నుండి కొందరు, కృష్ణా గుంటూరుల నుండి కొందరు, ఉద్యోగాల కోసం వచ్చి చేరిన కుటుంబాలు. ప్రక్క వాటావారి పేరే తెలియని చోట భజన బృందం ఎక్కడిది? చదివే పెద్ద పల్లెలోనే ఉండిపోయినాడు. ఆ ఖాళీని క్యాసెట్టు నింపినది. ఒక ఇంటిలో పెట్టినారు, చూచి మరొక ఇంటిలో పెట్టినారు. ఆపైన బండివారే పెట్టుట మొదలుపెట్టినారు. దిక్కులేని వేళ ఆదుకొన్న గొంతు, క్రమంగా ఆ వేళకే అంకితమైపోయినది. జనం దానిని అవమానించలేదు. ఎక్కువగా నమ్ముకొన్నారు, అంతే.

దాని ఫలితం మాత్రం విచారించదగినది. నేడు ఇంటిలో ప్రొద్దుటిపూట ఎవరైనా ఆ రికార్డు పెట్టబోతే, "పొద్దున్నే అదేమిటిరా, ఆపు" అని అమ్మమ్మ కసరుతుంది. పాట ఎవరిది, ఎంత బాగున్నది అనే మాటే రాదు. బండిలోనైనా పూర్తిగా వినేవారు లేరు. ఇప్పుడు క్యాసెట్టు కూడ పోయి సెల్‌ఫోను వచ్చినది. బండి కదిలినప్పుడల్లా రికార్డు మొదటినుండి మొదలగును. కాలనీ నుండి శ్మశానానికి దూరం తక్కువ. అర్జునుడు విల్లు విడిచి కూర్చొనుట దాకా వినిపించును. మరి కొంత సేపటికి ఆత్మ నిత్యమనే మాట వచ్చును. అంతలో బండి ఆగును. కర్మయోగం మొదలుకొని తక్కిన అధ్యాయాలు, అర్జునుడు లేచి నిలబడిన ఘట్టంతో సహా, అనేకులకు వినబడనే లేదు. మాంట్రో రికార్డులోని ఆరు పాటల గతే దీనికీ పట్టినది.

లోపాలు లేవని కాదు. తాత్పర్య వచనం గట్టి గ్రాంథికం. నేటి పిల్లలకు సగం మాటలు అందవు. ఏరివేతలో తత్త్వచర్చ చాల భాగం పోయినది. ఈ రికార్డు విని గీత చదివినట్లే అనుకొనుట పొరపాటు. అయినా తరగతి గదిలో దీనికి చోటు ఉన్నదని నా అభిప్రాయం. మతబోధ కోసం కాదు, ఛందస్సు కోసం, ఉచ్చారణ కోసం. మార్గశిర శుద్ధ ఏకాదశికి పెక్కు బళ్ళలో గీతాపఠన పోటీలు జరుగుతవి. ఆ పోటీలలో పిల్లలు పాడే వరుస తరచు ఘంటసాల వరుసే, అది వారికి తెలియదు. తెలుగు మాస్టరు చేయగల పని ఒకటి ఉన్నది. మొదట ఒక అనుష్టుప్పు శ్లోకాన్ని రికార్డులో వినిపించి, అదే శ్లోకాన్ని రాగం లేకుండ పిల్లలచేత చదివించవలెను. తరువాత 11వ అధ్యాయంలో విశ్వరూపాన్ని చూచి బెదరిన అర్జునుడు చేసే స్తోత్రాన్ని ముందు పెట్టవలెను. అక్కడ కవి కొలత మార్చినాడు. పాదానికి ఎనిమిది అక్షరాలు చాలక పదకొండు పెట్టినాడు. భయమో, ఆశ్చర్యమో, ఊపిరి పొడవు పెరిగినది. గాయకుడు ఆ మూడక్షరాల అదనపు చోటును ఏమి చేసుకొన్నాడో పిల్లలు చెవి ఒగ్గి విని, వ్రేళ్ళ మీద లెక్కించి చెప్పగలరు.