ఇతర ఖగోళాలపై కంపాలను గుర్తించడం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కంప తరంగాల ఆధారంగా కంపస్థానం దూరాన్ని లెక్కించగలుగుతారు.
• ఒకే పరికరంతో పనిచేయడంలోని ఇబ్బందిని వివరించగలుగుతారు.
• అసలు కంపాన్ని ఇతర అలజడి నుంచి వేరుచేసే పద్ధతిని ఉదాహరణతో చర్చించగలుగుతారు.

1. ప్రవేశిక

మీ ఇల్లు కౌడిపల్లిలో రోడ్డు పక్కన ఉందనుకోండి. తెల్లవారుజామున వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలలాడాయి. లారీ పోయిందా? పక్కన బోరు వేస్తున్నారా? లేక భూమి కదిలిందా? బయటికి వెళ్లి పొరుగువారిని అడిగితే సంగతి తెలుస్తుంది. భూకంప శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణంగల భూకంపం వచ్చినప్పుడు హైదరాబాదులోనూ ప్రకంపనలు తెలిశాయి. ఇలాంటి సందర్భాల్లో అనేక కేంద్రాల నమోదులను పోల్చి కంపస్థానాన్ని నిర్ణయిస్తారు.

అంగారకుడిపైన గాని, చంద్రుడిపైన గాని ఒంటరిగా ఉన్న పరికరానికి ఈ అవకాశం లేదు. చంద్రుడు గ్రహం కాదు, ఉపగ్రహం. అయినా పరిశీలన పద్ధతి ఒకటే కాబట్టి రెండింటినీ కలిపి చదువుదాం.

2. తరంగాలు – దూరం

కంపస్థానం నుంచి ముందుగా చేరేది పి-తరంగం. ఇది శిలను ముందుకు, వెనకకు నొక్కుతూ ప్రయాణిస్తుంది. తరువాత చేరే ఎస్-తరంగం శిలను అడ్డంగా ఊపుతుంది. ఇది ద్రవంలో ప్రయాణించలేదు. రెండింటి రాకకు మధ్య ఎంత ఎక్కువ వ్యవధి ఉంటే కంపస్థానం అంత దూరం.

ఉదాహరణ: పి-తరంగ వేగం సెకనుకు 6 కి.మీ., ఎస్-తరంగ వేగం 3.5 కి.మీ., వ్యవధి 30 సెకన్లు అనుకోండి.
దూరం = 30 × (6 × 3.5) ÷ (6 – 3.5) = 252 కి.మీ.

ఇది దూరం మాత్రమే, దిక్కు కాదు. భూమిపై మూడు కేంద్రాల నుంచి గీసిన వృత్తాలు కలిసే చోటును బట్టి స్థానం తెలుస్తుంది. ఒకే పరికరం ఉంటే, పి-తరంగం నేలను ఏ దిశలో కదిలించిందో మూడు అక్షాలలో కొలిచి దిక్కును అంచనా వేస్తారు.

3. అంగారకుడి అనుభవం

1976లో దిగిన వైకింగ్-2లో కంపమాపకాన్ని నౌకపైనే అమర్చారు. గాలికి నౌక ఊగినప్పుడల్లా అదీ ఊగింది. ఈ అనుభవంతో, 2018 నవంబరు 26న దిగిన ఇన్‌సైట్ తన కంపమాపకాన్ని యంత్రహస్తంతో నేలపై ఉంచి, గాలి తగలకుండా మూత కప్పింది. 2022 డిసెంబరులో ముగిసేలోగా అది 1,300కు పైగా కంపాలను నమోదు చేసింది. కేంద్రమండలం నుంచి పరావర్తనం చెందిన ఎస్-తరంగాల ఆధారంగా, ఆ మండలం వెలుపలి భాగం ద్రవమని, వ్యాసార్ధం సుమారు 1,830 కి.మీ. అని 2021లో లెక్కించారు. 2023లో కేంద్రమండలం చుట్టూ కరిగిన శిలాపొర ఉందని గుర్తించి, వ్యాసార్ధాన్ని 1,650–1,675 కి.మీ.గా సవరించారు.

4. చంద్రయాన్-3లో ఇల్సా

శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడిపై దిగింది. అందులోని కంపమాపకమే ఇల్సా. దీనిలో సిలికాన్‌తో రూపొందించిన ఆరు సూక్ష్మ త్వరణమాపకాలున్నాయి. నేల కదిలితే వాటిలోని స్ప్రింగుకు అమర్చిన ద్రవ్యరాశి జరుగుతుంది. దువ్వెన పళ్లలాంటి ఎలక్ట్రోడుల మధ్య కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పు వోల్టేజిగా నమోదవుతుంది.

ఇల్సా సెప్టెంబరు 2 వరకు పనిచేసింది. దాని నుంచి లభించిన 190 గంటల సమాచారంలో 250కి పైగా సంకేతాలు నమోదయ్యాయి. వాటిలో సుమారు 200 ప్రజ్ఞాన్ రోవర్ కదలికలకు, ఇతర పరికరాల పనికి సంబంధించినవి. ఏ సమయంలో ఏది నడిచిందో తెలుసు కాబట్టి వాటిని వేరుచేయగలిగారు. మిగిలిన 50 సంకేతాలకు సూక్ష్మ ఉల్కలు పడటం, వేడిమి మార్పులకు నేల స్పందించడం, నౌక భాగాలే వేడిమికి సర్దుకోవడం కారణాలు కావచ్చునని భావించారు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. ‘చంద్రుడిపై 50 కంపాలు’ అని రాస్తే అది తప్పు. కారణం తేలని సంకేతాన్ని కంపం అని పిలవకూడదు. తొందరపడి పిలిస్తే, దాని ఆధారంగా వేసే లోపలి పొరల లెక్కలన్నీ తప్పుతాయి.

5. సారాంశం

పి, ఎస్ తరంగాల మధ్య వ్యవధి దూరాన్ని, నేల కదలిన దిశ దిక్కును తెలుపుతాయి. ముందు తెలిసిన అలజడిని తొలగించాలి. మిగిలినదాన్ని పరీక్షించిన తరువాతే కంపంగా లెక్కించాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో వ్యవధి 20 సెకన్లయితే దూరం ఎంత? (జవాబు: 168 కి.మీ.)
2. కంపమాపకాన్ని నౌకపై కాక నేలపై ఉంచడం ఎందుకు మేలు?
3. ఇల్సా నమోదు చేసిన 50 సంకేతాలను కంపాలుగా ఎందుకు లెక్కించకూడదు?